ఒకరి జవాబు ఇంకొకరికి

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మీది గది. మధ్యాహ్నం. కంప్యూటర్ ముందు ప్రోగ్రాములు రాసే వలి బాషా. ఎదురుగా, ముంపు ఊరి నుంచి పునరావాస కాలనీకి మారిన గొర్రెలకాపరి ఓబులయ్య.

"కూచో మామా. నిలబడితే పని తొందరగా అయ్యేటట్టుంటే నేనే నిలబడి చేస్తాంటి."

"కూచుంటే అయితాదా?"

"కూచున్నా కాదు. పొద్దున్నుంచి కూచోనే ఉండా. ఈ నడుము ఇప్పుడు నాది కాదు, కుర్చీది."

"శానా అలిసిపోయినట్టుండావు బాషా."

"అలుపు ఎప్పుడో పోయింది మామా, మిగిలింది అలవాటు. నువ్వు కొండాపురం కాడ బస్సెక్కి వచ్చింది నా మొగం చూసేదానికి కాదు కదా. ఇండ్ల సంగతేనా?"

"ఇండ్ల సంగతి... అంటే, గొర్రెలకు మందు కొనల్ల. వస్తి కదా అని, ఊరికే ఇట్ల."

"గొర్రెల మందు బస్టాండు కాడ దొరుకుతాది. ఈ మెట్ల కాడ చీరలు తప్ప ఏం దొరకవు."

"కాలనీలో ఇండ్లు ఈ పొద్దే మారుస్తారంటనే?"

"సాయంత్రానికి. పులివెందుల నుంచి మా పెద్ద సారు ఊకూకె ఫోన్ చేస్తాండాడు. ఆయప్ప ఫోన్ చేస్తే నా పని ఆగుతాది. పని ఎందుకు ఆగిందని మళ్ళా ఫోన్ చేస్తాడు."

"అందరివీ మారతాయా?"

"తప్పు పడినవన్నీ మారతాయి."

"అసలు తప్పెట్ల పడింది? మిషన్ తప్పు చేస్తాదా?"

"మిషన్ చెయ్యదు. మిషన్‌కు చెప్పినోడు చేస్తాడు. నాకంటే ముందు ఒకాయప్ప ఈ ప్రోగ్రాం రాసినాడు. రాసి, బెంగళూరు పోయినాడు. ఆయప్ప రాత, నా తలరాత."

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పప్పా."

"నీకు అర్థమయ్యేటట్టు చెప్పగలిగితే మా సారుకు గూడ చెప్తాంటి కదా. సరే విను. ఎవరి ఇల్లు యాడ అనేది దూరంగా ఒక పెద్ద కంప్యూటర్లో ఉండాది. సర్వర్ అంటారు. దాంట్లో ఉండేది సరిగ్గానే ఉండాది. మా ప్రోగ్రాం దాని కాడికి పోయి, 'ఓబులయ్యోళ్ళ ఇల్లు యాడ' అని అడిగి, జవాబు తెచ్చి మీకు కాగితం మీద కొట్టియ్యాల. దాని పని అంతే. పేరు మాత్రం పెద్దది, హెచ్‌టీటీపీ క్లయింటు అని."

"పోయి అడిగి వచ్చేదానికి అంత పేరా?"

"మీ లీడర్ కాడ గుమాస్తాకు గూడ పెద్ద పేరే కదా. ఇప్పుడు టీ అంగడి అనుకో. మనిషికొక కొత్త గ్లాసు కొంటాడా అంగడాయన?"

"కొంటే అంగడి అమ్ముకోవల్ల."

"కొన్ని గ్లాసులు పెట్టుకుంటాడు, కడిగి కడిగి తిప్పుతాడు. మా ప్రోగ్రాం సర్వర్ కాడికి పోయే దావను కనెక్షన్ అంటాం. అవి గూడ అట్లే. మనిషికొకటి తెరిస్తే సర్వర్ చతికిలపడతాది. కొన్నే పెట్టుకొని తిప్పుకుంటాం. దాన్ని పూలింగు అంటారు."

"పోలింగా?"

"పూలింగు."

"మాకు తెలిసింది పోలింగు ఒకటే నాయనా. దాంట్లో గూడ ఒకరి ఓటు ఇంకొకరు వేస్తాండ్రి."

"ఈడ జరిగింది గూడ అదే. కాగితాలు ఇచ్చే పొద్దు అన్ని కిటికీల కాడా ఒకేసారి తొక్కులాట. ఒక గ్లాసులో ఒకరి టీ ఇంకా ఉండంగనే, పారబోయకుండా, కడక్కుండా ఇంకొకరి చేతికి పోయింది. ముందాయప్ప జవాబు ఇంకా దావలో ఉండంగనే అదే కనెక్షన్ వెనకాయప్పకు ఇచ్చేసింది. వెనకాయప్పకు ముందాయప్ప ఇల్లు వచ్చింది."

"ఎంగిలి."

"ఎంగిలే మామా. ఇంజనీర్లు దానికి నోరు తిరగని పేర్లు పెట్టినారు గానీ, ఎంగిలే."

"మా ఊర్లో ఆ తిప్పలు లేకపాయ. మా వర్గానికొక టీ అంగడి, వాళ్ళ వర్గానికొక టీ అంగడి. గడ్డం గీకే అంగడి గూడ వేరే. వాళ్ళ గడ్డం గీకిన కత్తి మా గొంతు కాడికి రాకూడదని."

"తెలుసు మామా, అందుకే నీ మీద పాపం అనిపిస్తాది. మీ వీధికీ లక్ష్మయ్యోళ్ళ వీధికీ మధ్యలో పోలీసులు టెంటు వేసుకొని కూచుంటాండ్రి. అట్లాంటిది కాలనీలో మీకూ లక్ష్మయ్యకూ జంట ఇల్లు పడె. ఒకటే కప్పు, మధ్యలో ఒకటే గోడ. మార్చమని మొదటి అర్జీ నీదే కదా?"

"నాదే."

"రెండోది లక్ష్మయ్యది."

"ఒకే పొద్దు ఇచ్చినాం. ఎవరు ముందివ్వాలని ఆడ గూడ తోసులాట."

"ఇంక ఆ బాధ తీరిపోతాది. గ్లాసుకొక తాళం వేసినా. ఒకరి చేతిలో ఉంటే, వాళ్ళు తాగి, కడిగి పెట్టేదాకా ఇంకొకరు ముట్టేదానికి లేదు. ఈ తాళాలతోనే నిన్నంతా సావు. ఈ పని ఆ తాళం కోసం, ఆ పని ఈ తాళం కోసం కూచుంటే, రెండూ కదలవు. కంప్యూటర్ నన్ను చూస్తాది, నేను కంప్యూటర్‌ను చూస్తా."

"మా లీడర్ జీపు, వాళ్ళ లీడర్ జీపు వంతెన మీద ఎదురుపడిన మాదిరి. ఎవరూ వెనక్కి పోకపాయ. బస్సులన్నీ ముద్దనూరు దాకా నిలబడిపాయ."

"అది ఎట్ల తెగింది కడాకు?"

"యాడ తెగింది. ఇద్దరూ ఒకే పార్టీలో చేరిపోయినారు."

"నవ్వియ్యాకు మామా, నడుము పడతాది."

"నవ్వేదానికి చెప్పలే. వాళ్ళు గోడ దూకినారు. మాకు గోడ మిగిలింది. ఇద్దరూ ఒకే సోఫాలో కూచున్నది టీవీలో వస్తే, మా ఆమె బాలనాగమ్మ లేచి టీవీ ఆపేసింది. అన్నం గూడ తినలే."

"మా అత్త తినదు. వెంకటేశును తలుచుకొని ఉంటాది."

"మా పెద్దోడు వెంకటేశు ఆ కొట్లాటల్లోనే పాయ. మళ్ళా కొన్నాళ్ళకు లక్ష్మయ్య, ప్రమీలమ్మల పిల్లోడూ పాయ. ఎవరికోసం పోయినారో వాళ్ళిద్దరూ ఒక సోఫాలో."

"సరే, ఇంక ఆ మాటలొద్దు. సాయంత్రానికి లక్ష్మయ్య కాలనీకి ఆ కొసన, నువ్వు ఈ కొసన. నిమ్మళంగా పండుకో."

"నీళ్ళుండాయా?"

"కూజాలో ఉండాయి. గ్లాసు కడిగిందే, భయపడాకు."

"బాషా."

"చెప్పు."

"ఆ ఎంగిలి గ్లాసు ఒకటి... కడక్కుండా పెట్టేదానికి అయితాదా?"

"ఏంది?"

"ఒకటే. మాదొక్కటే. తక్కినవన్నీ కడుగు."

"మామా, నువ్వే కదా అర్జీ ఇచ్చింది. కలెక్టర్ కారుకు అడ్డం పండుకునింది నువ్వే కదా."

"పండుకున్నా. ఇప్పుడు లేస్తాండా."

"ఎందుకు?"

"ఎట్ల చెప్పల్ల. మొదట్లో ఆ గోడకు చెవి పెట్టి పండుకుంటాంటి. ఆ పక్క ఏం దాస్తాండారో అని. ఒకతూరి బరువుగా రాయి జరిపిన సద్దు. కొడవలి పట్టుకొని కూచున్నా. తెల్లారి చూస్తే రోలు జరుపుకున్నారు."

"మంచి పని. రోలు మీదికి పోకపోతివి."

"ఊర్లో మిద్ది మీద రాళ్ళు పేర్చుకుంటాంటిమి. వాళ్ళు వస్తే వేసేదానికి. ఈడ మిద్ది ఇద్దరిదీ ఒకటే. మేం పేర్చితే వాళ్ళు చూస్తారు, వాళ్ళు పేర్చితే మేం చూస్తాం. చూడకపోయినా, యాడికని విసురుతావు? నీ కప్పు మీదే పడతాది."

"అది నిజమే."

"రాత్రయితే ఆయప్పకు దగ్గు. తెల్లార్లూ దగ్గు. వీనికి ఈ దగ్గు ఎప్పుడు ఆగుతాదిరా అనుకుంటాంటి. పోయిన వానల్లో ఒకనాడు ఆగింది. నాకు నిద్ర పట్టకపాయ."

"ఏం చేస్తివి?"

"గోడ తట్టినా."

"లక్ష్మయ్య?"

"ఆ పక్కనుంచి తట్టినాడు. అంతే."

"మాట్లాడుకుంటారా ఇప్పుడు?"

"మాటలు లేవు. మాట్లాడితే లీడర్లకు తెలుస్తాది. తడతాం. నవ్వుతాండావా?"

"లేదు మామా. చెప్పు."

"మా చిన్నోడుండాడు కదా. అన్న ఫోటో ముందర కూచోని మీసం దువ్వుతాండాడు. ఆ పక్క వాళ్ళ చిన్నోడూ అంతే అంట. ఇద్దరూ ఒకే కొళాయి కాడ బిందెలు పట్టుకుంటాండారు, గుర్రుగా చూసుకుంటానే. చూసుకోని. బిందె చేతిలో ఉంటే ఇంకోటి పట్టలేరు. ఆ కొసకు ఈ కొసకు పోతే మధ్యలో మళ్ళా వీధి వస్తాది బాషా. వీధి వస్తే రాళ్ళు వస్తాయి. నాకు ఇంకొక కొడుకు లేడు."

"నాకు అర్థమయింది."

"అయితే పెట్టు."

"పెట్టలేను మామా."

"ఒక్కటి."

"గురవమ్మకు చూపు లేదు. కూతురి ఇంటి పక్కన రావాల్సిన ఇల్లు కాలువ గట్టు మీదికి పాయ. ఆమె రోజూ తడుముకుంటా వస్తాండాది. అల్లాబక్ష్‌కు కాలు లేదు, మిట్ట మీద ఇల్లు. వాళ్ళకు సరిచేసి, మీకు చెయ్యకుండా యాడ నిలపను? తాళం వేస్తే అందరికీ పడతాది."

"మా పేరు కాడ తియ్యి."

"ఓబులయ్యోళ్ళు అడిగితే మాత్రం తప్పు జవాబు చెప్పు అని రాయల్ల. అట్ల రాస్తే అది బగ్గు కాదు మామా, అబద్ధం. రేపు ఇంకొకాయప్ప వస్తాడు, నా పేరు కాడ గూడ ఒకటి రాయమని. వాళ్ళ లీడర్ వస్తాడు, మీ లీడర్ వస్తాడు. ఇద్దరూ ఒకే పార్టీ కాబట్టి ఒకే కారులో వస్తారు."

"నీకు పిల్లోళ్ళు లేరా?"

"ఉండారు. అందుకే చెయ్యను."

"సరే."

"కోపమా?"

"కోపానికి గూడ వయసుండల్ల. అయితే చెప్పు, మాకు యాడొచ్చిందో. వీధి ఎంత వెడల్పో తెలిస్తే చిన్నోనికి ముందే పెండ్లి చేసి లింగాల ఊరికి ఇల్లరికం తోలుతా."

"ఉండు. ఇదో, కొత్తది పెట్టి అందరివీ మళ్ళా అడుగుతాండా. చూడు, ఎట్ల పోతాండాదో. ముందు నీళ్ళకు పోయిన గేదె మాదిరి ఆడ్నే పండుకుంటాండె. ఆ, గురవమ్మది మారింది. కూతురి పక్కన."

"పాపం. మంచిది."

"అల్లాబక్ష్‌ది మారింది. పెంచలమ్మది మారింది."

"మాది."

"వస్తాండాది. ఆ... ఉండు మామా, ఇంకొకతూరి అడుగుతా."

"ఏమాయ?"

"మళ్ళా అడుగుతా."

"కాలువ పక్కనా, రోడ్డు పక్కనా? యాడున్నా చెప్పప్పా, తట్టుకుంటా."

"మారలే."

"మారలేదా? నాకోసం ఏమన్నా చేస్తివా?"

"నేనేం చెయ్యలే. నీ ఎదురుగానే కదా అడిగింది."

"అయితే నీ మిషన్ ఇంకా బాగు కాలేదు."

"మిషన్ బాగయింది కాబట్టే చెప్తాండా. మీకు ఎవరి ఎంగిలీ రాలే. మీ జవాబే మీకు వచ్చింది. సర్వర్లో మొదట్నుంచీ మీరూ లక్ష్మయ్యా ఒకటే గోడ."

"మమ్మల్నిద్దర్నీ ఒక గోడకు కట్టేదానికి ఆఫీసర్లకు మతి పోయిందా? ఊరంతా తెలుసు కదా."

"జంట ఇండ్లు ఆఫీసర్లు పంచలే మామా. అడిగినోళ్ళకే ఇచ్చినారు. అన్నదమ్ములు, తల్లీకూతుర్లు, అట్ల ఎవరైనా సరే, జతగా పోయి ఒకే కిటికీ కాడ ఇద్దరూ వేలిముద్ర పెట్టల్ల. ఒకరు పెట్టి ఒకరు పెట్టకపోతే రాదు."

"నేను పెడతానా? లక్ష్మయ్య పెడతాడా? సచ్చినా పెట్టడు."

"వేలిముద్రలు తీసుకున్న పొద్దు నువ్వు యాడుంటివి?"

"యాడుంటా. జమ్మలమడుగు కోర్టులో. వాయిదా."

"లక్ష్మయ్య?"

"ఆయప్పా ఆడ్నే. కేసు మా ఇద్దరిదే కదా. ఆయప్పొక బల్ల, నేనొక బల్ల. పొద్దుగూకులూ కూచోబెట్టి, జడ్జి రాలేదని పంపిచ్చిరి."

"మరి ఇంటి పట్టా ఎవరి పేరు మీద ఉండాది?"

"అందరివీ ఆడోళ్ళ పేరు మీదే కదప్పా. కాలనీ అంతా అంతే."

"అదే మామా నేను చెప్పేది. మా బాలనాగమ్మత్త, లక్ష్మయ్య భార్య ప్రమీలమ్మ, మీరిద్దరూ కోర్టులో ఉన్న పొద్దు పక్కపక్కన నిలబడి అడిగి తెచ్చుకున్న గోడ అది."