జోకు రాకముందే నవ్వు

అమెరికాలో టీవీ షోలు తీసే ఊరు బర్బాంక్‌లో ఆదివారం పొద్దున. పాన్‌కేకుల పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తండ్రీ కూతురూ టీవీ ముందు కూర్చున్నారు. అతను కుర్రాడిగా ఉన్నప్పటి హైస్కూలు కామెడీ మళ్ళీ వేస్తున్నారు. పదహారేళ్ళ కూతురికి ఆ షో అంటే ఒళ్ళుమంట.

"ఆ హీరో పదో తరగతి అంటాడు, వాడికి బట్టతల వస్తోంది నాన్నా."

"అప్పట్లో మాకు కనబడలేదులే."

"వీళ్ళెవరూ క్లాసుకి పోరా? ఎప్పుడు చూసినా వరండాలో పుస్తకాల లాకర్ల దగ్గరే."

"అలా లాకర్ల దగ్గర నిలబడదామనే మేం బడికి పోయేవాళ్ళం. ఉష్, ఈ ముక్క విను."

"అదిగో, వాడింకా జోకు చెప్పనే లేదు, ఎవరో అమ్మాయి పకపకా నవ్వేసింది. దొంగ నవ్వులు అతికించడం కూడా చేతకాలేదు వీళ్ళకి."

"అతికించింది కాదు. ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి తీసేవాళ్ళు. ఈ ముక్క తీసిన రోజు మేం వెళ్ళాం. అదే సీను మళ్ళీ తీస్తూ, కొత్తగా విన్నట్టు నవ్వమన్నారు. ఏం రాబోతోందో తెలుసు కదా, తను ఆపుకోలేకపోయింది."

"తనెవరు?"

అతను పాన్‌కేకుల మీద పోసే సిరప్ సీసా మూత నెమ్మదిగా బిగించాడు.

"మీ అమ్మ."

అమ్మ పోయేనాటికి ఆ పిల్లకి రెండేళ్ళు. ఫొటోల్లో ఆ నవ్వు చూసిందే గానీ, విన్న గుర్తు లేదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఈ ముక్క వచ్చేదాకా నువ్వెప్పుడు కూర్చున్నావు గనక?"

ఆమె రిమోట్ లాక్కుని వెనక్కి తిప్పింది. ఈసారి జోకు రాకముందే ఇద్దరు నవ్వారు. తల్లి టీవీలో, కూతురు సోఫాలో.