తాళం వేసినా కరెంటు ఉండే ఫ్యూజు

కొత్తకోటలో పెళ్లయి నెల తిరగని జంట, తమ ఎలక్ట్రిక్ కారు ఫ్యూజుల డబ్బా తెరిచి కూర్చుంది. కారు తలుపు మీద ఎవరో మూడోసారి గీతలు గీకిపోయారు.

"తాళమేస్తే కారుల పెట్టిన కెమెరా బందైతాంది. మనసొంటోళ్లు కారు కొంటే గల్లీల కండ్లు మండుతున్నయి. బండి మా అన్న ఇంట్ల పెడదాం, పిల్లా."

"ఎందుకు పెడ్తం? తాళమేసినా ఏ లైట్లు వెలుగుతయి, చెప్పు?"

"నాలుగు ఇండికేటర్లు."

"అయితే వాటి ఫ్యూజుకు కరెంటు ఎప్పుడూ ఉంటది. కెమెరా వైరు అండ్లనే పెడుత."

"లైట్లకు, తాళాలకు కరెంటిచ్చే చిన్న బ్యాటరీ దిగితే కారు తలుపు గూడ తెరుసుకోదు."

"దిగకముందే కెమెరాను ఆపే డబ్బీ తెచ్చిన. ఫికర్ చెయ్యకు."

ఆమె వైరు కలిపి కారుకు తాళం వేసింది. కెమెరా ఆగలేదు. సంబరంతో మొగుడి చెయ్యి గిల్లింది.

"కెమెరాను చూసి ఆ గీకేటోడు రాకపోతే, ఎవడో ఎట్ల తెలుస్తది, పిల్లా?"

"ఎవడైతేంది? మన బండి మన వాకిట్లనే ఉంటది."