మూత తియ్యని మోకాళ్ల నూనె

ఆత్మకూరు బస్టాండు ఎదుట చాయ్ హోటల్ నడిపే భీమమ్మకు మోకాళ్లు మొండికేసి నెల దాటింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఇట్లాగే ఉంటే హోటల్ మూయాల్సిందే. అందుకే రిటైరైన కండక్టర్ కురుమూర్తి, గంజాయి ఆకుతో చేసిన మందునూనె ముచ్చట ఎత్తుకోగానే, పొయ్యి మీది పాలు కూడా మరిచి వినసాగింది.

"లైసెన్సున్న కంపెనీదే చెల్లె, కొరియర్ల తెప్పిచ్చిన. రెండు చుక్కలు రాసిన, మోకాలి నొప్పి పోయింది. అంతే."

"అంతేనా మామా?" అన్నాడు ఆటో నడిపే హన్మంతు. కురుమూర్తి 'అంతే'తో ఆగిన రోజు అతను ఎరగడు.

"అంతేనంటె ఎట్లరా. కొరియర్ ఆఫీసుకాడ సీస తీస్కొని బస్సుల వస్తుంటె ఆబ్కారోళ్లు ఆపిండ్రు. ఒకాయన గిది గంజాయి అంటడు, ఇంకొకాయన గాదు మందు అంటడు, చట్టం బుక్కు తీస్తె అండ్ల రెండు తీర్ల ఉన్నది, ఇగ వాసన పట్టే కుక్కను దెచ్చిండ్రు. దానికి ఎనక కాలు కుంటి. పాపమనిపిచ్చి రెండు చుక్కలు రాసిన. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"నడిచిందా?" అంది భీమమ్మ ఆశగా.

"నడుసుడేంది చెల్లె, జూరాల కాడ కృష్ణను ఒక్క దుంకు దుంకి రాయచూర్ల వడ్డది. ఇప్పుడు కన్నడంల మొరుగుతుందట. దాని కోసం రెండు రాష్ట్రాలు లడాయి వెట్టుకున్నయి. ఆఖరికి హైదరాబాద్ నుంచి పెద్దసార్లు మా ఇంటికే వచ్చి, 'కురుమూర్తి గారూ, ఈ నూనెకు రూల్సు ఎట్ల రాయమంటరు' అని కాయితాలు పట్టుకొని కూసున్నరు. నేను చెప్పిన, ఆళ్లు రాసుకున్నరు. కామాలు గుడ నేనే పెట్టిన."

భీమమ్మకు కుక్క మీద నమ్మకం లేదు. కన్నడం మీద అసలే లేదు. కానీ మొదట చెప్పిన ఆ రెండు చుక్కల మీద ఉంది. చెంగుతో చేతులు తుడుచుకుంది.

"అన్నా, నాకూ రెండు చుక్కలు ఇయ్యి."

కురుమూర్తి సీసా ఇంట్ల ఉన్నదన్నాడు. హన్మంతు అతని చేసంచిలో చెయ్యి పెట్టి సీసా బయటికి తీశాడు. మూతకు సీలు వేసింది వేసినట్టే ఉంది. దాని మీద ఉన్నది గట్టిగా చదివాడు: "డాక్టరు చీటీ మీదనే వాడవలెను."

సీసాను కురుమూర్తి ముందు పెట్టాడు.

"రూల్సు చెప్పి రాపిచ్చినోనివి, చీటీ లేదని మూత గుడ తియ్యలేదా మామా?"

"గదేరా దాని పవరు," అన్నాడు కురుమూర్తి తొణకకుండా. "తియ్యకుండనే గింత జేసింది."

భీమమ్మ సీసా అందుకుని తన సంచిలో వేసుకుంది.

"రేపు దవాఖానకు వొయ్యి చీటీ రాపిచ్చుకుంట. నీకు మూత తియ్యకుండనే నయమాయె గద అన్నా, ఇగ గిది నీకెందుకు?"