సింకుకూ పడుగుంది

ఇంట్లోని మరమగ్గాల సాంచెలు అమ్మేసి ఆమె సిరిసిల్ల నుంచి కరీంనగర్‌లో కొడుకింటికి వచ్చి నెల కాలేదు. నలభై ఏళ్లు నూలు కండెలు చుట్టిన ఆమె చేతులకు ఊరుకోవడం చేతకావడం లేదు. పొద్దుటి నుంచి మూడోసారి సింకు రుద్దుతుంటే కోడలు వచ్చి వెనక నిలబడింది.

"మళ్ల ఇనుప పీచు పట్టినవా అత్తమ్మా?"

"తుప్పు బిడ్డా. ఎంత రుద్దినా పోతలేదు."

"అది స్టీలు తుప్పు కాదు. గా పీచు ముక్కలే అతుక్కొని తుప్పు పడుతున్నయి. రుద్దినకొద్ది ఎక్కువైతది."

"అంటే నేను చేసుడే చెడగొట్టుడన్నట్టు. రేపు నన్ను సిరిసిల్ల బస్సెక్కియ్యి."

"ఆడ ఏమున్నది? సాంచెలు అమ్మితిమి గదా."

"ఈడ మాత్రం నాకేం పనున్నది?"

కోడలు మెత్తటి గుడ్డకు సబ్బు రాసి అత్త చేతిలో పెట్టింది.

"గిట్ల మెల్లగ తుడువు. కడిగినంక పొడిగుడ్డ పెట్టాలె. తడి ఉంటే మరకలు పడ్తయి."

అత్త గుడ్డ పక్కన పెట్టి, వేలికొసతో సింకు అడుగును తడిమింది. మళ్లీ తడిమింది.

"దీనికి పడుగున్నది పిల్లా."

"పడుగేంది?"

"సన్నటి గీతలు చూడు, అన్నీ ఒక్క దిక్కే. మగ్గం మీద పొడుగు పోగులు పరిచినట్టున్నయి. నువ్వు రోజూ అడ్డం తోముతున్నవు. గీత వెంబడి పోవాలె."

కోడలు కూడా వేలితో తాకి చూసింది. "ఐదేండ్ల నుంచి తోముతున్న. నాకు తెల్వనే తెల్వది."

అత్త అప్పటికే గీతల వెంబడి గుడ్డ నడుపుతోంది.

"రేపు ఏ బస్సుకు పోతవు అత్తమ్మా?"

"ఆగు జర. ముందుగాల పొడిగుడ్డ అందియ్యి. తడి ఉంటే మరకలు పడ్తయంటివి."