సూదులామె తెచ్చిన పొట్లం

డబ్బుల్లేకుండా బేరాలెలా చేసేవాళ్లని కదూ అడిగావు? ఇంట్లో ఏముంటే అదే డబ్బు మాకు. కుండ కావాలంటే ఆ కుండ నిండా ధాన్యం పోసివ్వాలి. అందుకని కుండలావిడ ధాన్యం ఎక్కువ పట్టే పల్చటి కుండలు ముందు పెట్టేది, మా నాయనమ్మ వాటిని దాటుకుని వెళ్లి గోడ మందంగా ఉన్నదే ఏరేది. "నీ కళ్లున్నాయే ముసలీ" అని ఆవిడ, "నీ చేతులు తక్కువ తిన్నాయా" అని మా నాయనమ్మ. సరే, నేను చెప్పేది వాళ్ల సంగతి కాదులే. సూదులామె ఒకామె వచ్చేది. ఆమెకి ధాన్యం అక్కర్లేదు, రాలిన జుట్టు కావాలి. సవరాలు కట్టేవాళ్లకి ఇచ్చుకునేదట. దువ్వెనకి వచ్చిన జుట్టు ఉండ చుట్టి చూరులో దోపి ఉంచితే, చిన్న త్రాసులో తూచి సూదులో పిన్నులో ఇచ్చేది. నవ్వకే, నిజం.

ఏడేళ్లప్పుడు నాకు ఆమె దగ్గరున్న ఎర్ర రిబ్బను మీద మనసు పడింది. నా ఉండ చూసి, "దీనికి రెండు సూదులొస్తాయి పిల్లా, రిబ్బను రాదు" అంది. అమ్మ బావి దగ్గరుంది. లోపలికి పరిగెత్తి చూరంతా వెతికాను, ఏమీ లేదు. బట్టల పెట్టె అడుగున ఒక పొట్లం దొరికింది, విప్పితే జుట్టు. అమ్మ తనకోసం దాచుకుందనుకున్నాను, అంతే. సూదులామె వేళ్ల మధ్య రాసి చూసి, "ఎంత మెత్తగా ఉందే, ఎవరిది?" అంది. మా అమ్మదేనన్నాను. రిబ్బను ఇచ్చింది.

అమ్మ వచ్చి నా జడ చూసింది, తెరిచున్న పెట్టె చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, బిందె పక్కనే కూలబడిపోయింది. నాయనమ్మ చెప్పింది అప్పుడు, "అది మీ అక్క జుట్టే. జ్వరంలో తల కాలిపోతుంటే కత్తిరించాం. తెల్లారి పిల్ల పోయింది." నాకొక అక్క ఉండేదని నాకు తెలియడం అదే మొదలు. అక్క ఉందని తెలిసేసరికే అక్కని ఇచ్చేశాను కదే, రిబ్బనుకి.

నాన్న సూదులామెని వెతుక్కుంటూ వెళ్లి ఉత్త చేతులతో వచ్చాడు. "గోనెలో కలిపేసిందట, ఏదేదో ఎలా తెలుస్తుంది" అన్నాడు. వారం తిరిగాక ఆమే వచ్చింది. వీధిలో కేక వెయ్యలేదు. అమ్మ చేతిలో చిన్న పొట్లం పెట్టి, "గోనె కుమ్మరించి ఏరాను తల్లీ, నీ బిడ్డదే, దాచుకో" అంది. నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది. అమ్మ దాన్ని కళ్లకద్దుకుని పెట్టెలో పెట్టింది. హమ్మయ్య అనుకున్నాను.

నా పెళ్లికి బట్టలు సర్దుతుంటే ఆ పొట్లం బయటపడింది. "అక్కది దొరకబట్టి సరిపోయిందమ్మా" అన్నాను. అమ్మ నెమ్మదిగా అంది కదా, "మీ అక్కది ఉంగరాల జుట్టే. ఇది చూడు, దారంలా ఉంది. విప్పిన రోజే తెలుసు నాకు."

మరి ఎవరిదన్నాను.

"సూదులామెకీ ఒక కూతురుండేదట, ఒక్కతే, పోయిందట. తర్వాతెప్పుడో కుండలావిడ చెప్పింది. తెలిశాక తిరిగిచ్చేద్దామని ఎదురుచూశాను. ఆమె మళ్లీ మన వీధి తొక్కలేదు."

పన్నెండేళ్లే, పన్నెండేళ్లు ఎవరి బిడ్డనో పెట్టెలో...

నీ ఫోను మోగుతోంది చూడు. తియ్యి, మీ అమ్మేమో.