లారీల డీజిల్ తాగేసిన పంపు

"రండర్రా, దగ్గరికి రండి. ఆ పాత టైరు మీద ఇద్దరు పడతారు, మిగతావాళ్లు చెక్కబల్ల మీద సర్దుకోండి. గ్రీజు డబ్బా జోలికి మాత్రం వెళ్లకండి. మీ అమ్మలు మిమ్మల్ని కాదు, నన్ను ఉతుకుతారు."

బడి నుంచి వచ్చిన పిల్లలు షెడ్డు ముందు కుదురుకుంటుంటే, హార్స్‌పవర్ మామయ్య చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వాకిట్లో ఉన్న పికప్ బండి వైపు ఓ దొంగచూపు చూశాడు. ఆ బండి ఆయన మేనకోడలిది. కొండ మీద హాస్టల్ వంటశాలకు కూరగాయలు తోలుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆయాసపడి ఆగిపోతోందని పొద్దున్నే తెచ్చి మామయ్యకు అప్పగించింది. ట్యాంకులోని డీజిల్‌ని లాగి ఇంజిన్‌కి అందించే లిఫ్ట్ పంపు నీరసపడిందని మామయ్య తేల్చాడు. దాన్ని పీకేసి, పెద్ద బళ్లకు వేసే బలమైన పంపు బిగించాడు. పొద్దున ఆగుతూ ఆగుతూనైనా వచ్చిన బండి, ఇప్పుడు అసలు కదలడమే మానేసింది. తాళం తిప్పితే పంపు గుయ్‌మంటుంది, ఇంజిన్ మాత్రం పలకదు.

చీకటి పడేలోగా టమాటాలు చేరకపోతే ఇంకో బండిని మాట్లాడుకుంటామని వంటశాల వాళ్లు చెప్పేశారు. ఆ సంగతి మామయ్యకు తెలుసు. బండి ఎందుకు పలకడం లేదో మాత్రం తెలియదు.

"ఇంజిన్ చల్లారాలమ్మా, కాసేపు ఆగు" అన్నాడు.

"చల్లారడానికి అది వేడెక్కిందెప్పుడు మామయ్యా?" అంది మేనకోడలు, బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూస్తూ.

పక్క కొట్లో దర్జీ కిసుక్కున నవ్వాడు. ఇలాంటి ఇరకాటంలో మామయ్యకు తెలిసిన రిపేరు ఒక్కటే. గొంతు సవరించుకుని పిల్లల వైపు తిరిగాడు.

"ఇలాంటి పంపే ఒకప్పుడు రాళ్లు తోలే బండికి వేశానర్రా. పాపం, ఆ బండి చిన్న మిట్ట కనిపిస్తే చాలు, మోకాళ్ల నొప్పుల ముసలాయన మెట్ల ముందు నిలబడ్డట్టు నిలబడిపోయేది. నేను పంపు మార్చానా, రెండో గేరులో ఎక్కనిది మూడో గేరులో ఎక్కేసింది. ఇంతవరకు నమ్ముతారా?"

"నమ్ముతాం!"

"ఇంతవరకే అయితే నేనూ నమ్ముతా" అన్నాడు దర్జీ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సగం కొండ ఎక్కాక చూసుకుంటే, ఏముంది, హ్యాండ్‌బ్రేకు వేసే ఉంది! దించితే ఏమవుతుందోనని బిక్కుబిక్కుమంటూ దించాను, అంతే, కింద మలుపులో హారన్ కొట్టానా, మేం పైకి చేరి, బండి దిగి, మంచినీళ్లు తాగి మూతి తుడుచుకుంటుంటే అప్పుడొచ్చిందర్రా ఆ హారన్ మోత, రొప్పుకుంటూ!"

పిల్లలు పకపకా నవ్వారు. మేనకోడలు నవ్వలేదు. ఫిల్టర్ దగ్గర నట్టు వదులు చేసి, వేలితో తడిమి చూసింది.

"మామయ్యా, ఇక్కడికి అసలు డీజిలే రావట్లేదు."

"వస్తుందమ్మా. కొత్త పంపు కదా, సిగ్గు" అన్నాడు మామయ్య. కథ ఆపితే బండి దగ్గరికి వెళ్లాలి, వెళ్తే ఏం చెయ్యాలో తెలియదు. అందుకని గొంతు ఇంకాస్త పెంచాడు.

"బండి ఆగింది గానీ, పంపు ఆగదే! ట్యాంకు ఖాళీ చేసింది, ట్యాంకు రేకు సొట్టబడి పీల్చేసిన పండు తొక్కలా అయిపోయింది, ఆ ఊపుకి పైపు ఊడి రోడ్డు మీద పడింది, పడ్డది ఊరుకుంటుందా, రోడ్డు మీది తారు పీల్చడం మొదలెట్టింది. నల్లటి రోడ్డు కాస్తా చూస్తుండగానే మట్టిబాట! ఎదురుగా లారీలొస్తున్నాయి, వాటి ట్యాంకుల మూతలు టపటపా ఎగిరిపోయి, లోపలి డీజిల్ తాళ్లు పేనినట్టు గాల్లో తేలుకుంటూ వచ్చి మా పైపులో దూరింది. డ్రైవర్లు లబోదిబోమంటున్నారు. పైన పోతున్న మబ్బొకటి, దాని మానాన అది పోతోంది, దాన్నీ చెంగు పట్టి కిందికి లాగేసింది."

"మబ్బులో డీజిలుంటుందా మామయ్యా?" అంది ముందుపళ్లు ఊడిన పిల్ల.

"డీజిలో వానో పంపుకేం తెలుసు తల్లీ? దొరికింది తాగడమే. ఆఖరికి కొండే కాస్త కిందికి కుంగింది. ఇవాళ ఆ కొండ అందరూ సులువుగా ఎక్కుతున్నారంటే నా చలవే."

"వైరు పీకెయ్యొచ్చుగా?" అన్నాడు దర్జీ.

"పీకానయ్యా! వైరు కూడా మింగేసింది. ఇక లాభం లేదని పైపుకి బొటనవేలు అడ్డం పెట్టాను. మోచేతి దాకా లోపలికి పోయింది."

"మరి ఇప్పుడున్న చెయ్యి ఎవరిది?"

"అక్కడే పనితనం బయటపడేది! మిగిలిన చేత్తో స్పానర్ అందుకుని, పంపుని తిప్పి బిగించాను. ట్యాంకు వైపు ఉండాల్సిన మూతి ఇంజిన్ వైపు, ఇంజిన్ వైపుది ట్యాంకు వైపు. గుయ్‌మంటూ మోగుతూనే ఉంది గానీ, మింగినదంతా కక్కేసింది. ముందు నా చెయ్యి వచ్చింది, లారీల డీజిల్ లారీలకు పోయింది, తారు రోడ్డుకు అంటుకుంది. మోగడం మోగుతుందిరా, ఇంజిన్‌కి మాత్రం చుక్క అందదు!"

మేనకోడలు తల పైకెత్తింది.

"ఏమన్నావు మామయ్యా? మోగుతుంది, చుక్క అందదు?"

"ఎలా అందుతుందమ్మా, తిప్పి బిగిస్తే..." అంటూనే మామయ్య బండి ముందు దించి పెట్టిన టమాటా బుట్టల వైపు చూశాడు.

రోజూ బండి కిందికి ముందు వైపు నుంచి దూరే మనిషి. ఇవాళ ముందు టమాటా బుట్టలు అడ్డంగా ఉన్నాయని వెనక నుంచి దూరాడు. చేతులు మాత్రం అలవాటు కొద్దీ, ముందు నుంచి దూరినట్టే పని చేసుకుపోయాయి.

మేనకోడలు అప్పటికే బండి కింద ఉంది. పంపు మీది జిడ్డు కొంగుతో తుడిచి, డీజిల్ ఎటు పోవాలో చూపించే బాణం గుర్తు చూసింది. అది నిక్షేపంలా ట్యాంకు వైపు చూస్తోంది. దుమ్ము దులుపుకుంటూ బయటికి వచ్చింది.

"అక్కడంటే కొండ కుంగిపోతోందని తిప్పి బిగించావు, బాగుంది. ఇక్కడ ఏ కొండ కుంగుతుందని ముందే తిప్పి బిగించావు మామయ్యా?"

దర్జీ నవ్వి నవ్వి మిషను మీద వాలిపోయాడు. టైరు మీది పిల్లలిద్దరూ నవ్వలేక కిందికి జారారు. మామయ్య స్పానర్ అందుకుని బండి కిందికి దూరాడు. పంపు ఊడదీశాడు, బాణం ఇంజిన్ వైపు ఉందని మేనకోడలికి చూపించి మరీ బిగించాడు. ఆమె తాళం తిప్పి వచ్చి, ఫిల్టర్ దగ్గర నట్టు వదులు చేసి పైపుల్లోని గాలి బయటికి పంపింది. ముందు బుడగలొచ్చాయి, తర్వాత నురగ, ఆ పైన నికార్సయిన డీజిల్. నట్టు బిగించి ఇంకోసారి తాళం తిప్పితే, బండి దగ్గి, తుమ్మి, అందుకుంది.

"చూశావా!" మామయ్యకు గొంతు తిరిగొచ్చింది. "నేను కథ చెప్పకపోతే నీకు తట్టేదా?"

"తట్టేది కాదు" అని ఒప్పుకుంది మేనకోడలు. "అందుకే నువ్వూ బండెక్కు. దారిలో ఆగిందనుకో, ఇంకో కథ చెబుదువుగాని, రోగం దొరుకుతుంది."

తలా ఓ చెయ్యి వేసి బుట్టలు ఎక్కించారు. ఎండ ఇంకా గోడల మీదే ఉంది, కొండకు చేరే వేళ మిగిలే ఉంది. టమాటా బుట్టల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న మామయ్య, బండి కదులుతుంటే వెనక్కి తిరిగి పిల్లల మీద కేకేశాడు.

"ఇంకా అక్కడే నిలబడ్డారేంట్రా? కథ అయిపోయింది, ఇళ్లకు పోయి తినండి. కడుపు నిండా తినండి! కొండ మధ్యలో ఇది ఆగిందంటే, తోయడానికి మిమ్మల్నే పిలుస్తా!"