ఫహీమ్‌కు చెప్పిన జ్వరం

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. సన్నటి వానలో లక్నవరం చెరువు దీవుల మధ్య పడవ మెల్లగా పోతోంది. వెనక బల్ల మీద ఒకే గొడుగు కింద భార్యాభర్తలు.

“పులిహోర కట్టుకొచ్చిన. తినవేంది?”

“ఆకలైతలేదు.”

“పొద్దుగాల ఒట్టి చాయ్ తాగి బయలెల్లినం. ఆకలి గాకపోవుడేంది?”

“ఘనపూర్ సమ్మె టెంటుల మా డిపో ఫహీమ్ ఏం తినకుంట కూసున్నడు. ఇయ్యాల నిరాహార దీక్షల కూసునే వంతు నాది.”

“మరి ఆయనెందుకు కూసున్నడు?”

“నీకు జ్వరం, దవాఖానకు తోల్కపోవాలన్న. నిన్న గూడ దీక్షల ఉన్నడే ఆయన. అయినా ‘వదినెను చూసుకో అన్నా, నేను కూసుంట’ అన్నడు.”

“నాకు జ్వరమని చెప్పినవా?”

“పెండ్లైనప్పటిసంది పడవ ఎక్కియ్యమంటివి. బస్సు డ్యూటీల ఏనాడన్న తీరిక దొరికెనా? సమ్మెల దొరికింది.”

“అడిగింది నేనే. గని ఒకరి కడుపు మాడ్చి ఎక్కియ్యమన్ననా?”

“పొద్దుగూకంగ నిమ్మరసం ఇచ్చి దీక్ష ఇడిపిస్తరు. నేనే పోయి ఇయ్యాలె. ముందుగాల నీ జ్వరం సంగతే అడుగుతడు. ఏం చెప్పాలె?”

ఆమె టిఫిన్ డబ్బాకు మూత పెట్టింది. గొడుగు కింది నుంచి లేచి, వాన పడుతున్న ముందు బల్ల మీద కూచుంది.

“తడుస్తున్నవ్, ఇటు రా!”

“తడవనీ. పొద్దుగూకేసరికి జ్వరమన్న రానీ. ఫహీమన్న మొహం చూడాలె గదా.”